హుండీల పైస మాది, తాళంచెవి ఎవలది?

వేములవాడ రాజన్న హుండీ లెక్కపెట్టిన తెల్లారి పేపర్లు చూడండి. నోట్లు ఇన్ని కోట్లు, బంగారం ఇన్ని గ్రాములు, వెండి ఇన్ని కిలోలు. నోట్ల కుప్ప చుట్టూ కూసున్న మనుషుల ఫొటో. ఏండ్లకేండ్లు ఇదే వార్త. ఆ పైస యాడికి పోయిందో చెప్పే వార్త మాత్రం మా కంట పడలేదు. వచ్చింది చెప్పి, పోయింది చెప్పకపోతే దాన్ని లెక్క అనరు, చాటింపు అంటారు.

మేము బడిపంతుళ్లం. మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు రాసి రాసి వేళ్లరిగినోళ్లం. ఎంతమంది పిల్లలు తిన్నరు, ఎన్ని కిలోల బియ్యం పొయ్యికెక్కినయ్, ఎన్ని గుడ్లు ఉడికినయ్, దినాం రాయాలె. ఒక్క గుడ్డు తేడా వచ్చినా పంతులు నిలబడి జవాబు చెప్పాలె. చెప్పాల్సిందే, తప్పు లేదు. మరి మాదిగ పిల్ల తినే గుడ్డుకు గింత లెక్క వుంటే, ఆ పిల్ల తల్లి బీడీలు చుట్టి హుండీల వేసిన నోటుకు లెక్క వద్దా?

లెక్క అడుగుడు ఈ గడ్డకు కొత్త కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర నడిచింది. ఆ రోజుల్లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల కూలోళ్లు, మాలమాదిగలు గడీల ముందు నిలబడి ఏమడిగిన్రు? వెట్టి బందు పెట్టుమన్నరు. పంచాయితీల పేరు మీద గుంజుకున్న దండుగ పైసలు మర్లియ్యమన్నరు. లెక్క అడుగుడంటే అదే. సర్కారు ఏం చేసింది? అక్టోబరులో ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. దొరను నిలదీసిన జాతికి దేవుని గుమాస్తాను అడగాలంటే నోరెందుకు పెగలదు? దొర చేతిల తుపాకి వుండె. గుమాస్తా చేతిల వున్నది శఠగోపమే గదా!

రాజన్న సంగతే తీసుకుందాం. ఆయన పేదోళ్ల దేవుడని అందరూ అంటరు. నిజమే. సమ్మక్క జాతరకు పోయేటోళ్లు ముందుగాల ఆయన కాడికే వస్తరు. పిల్లలు కావాలని, పంట పండాలని కోడెను మొక్కుతరు. గుడి చుట్టూ తిప్పి కట్టేస్తరు. ఆ కోడె తర్వాత ఏమైతది? 2025 మే నెలాఖరున, జూన్ మొదట్లో తిప్పాపూర్ గోశాలలో కోడెలు వరసగా చచ్చిపోయినయ్. కొట్టాలల్ల పట్టేదానికన్నా ఎక్కువ కుక్కిన్రు, పైన వాన, కింద బురద. చచ్చినంక గాని యంత్రాంగం కదల్లేదు. కదిలి కోడెలను రైతులకు ఉచితంగ పంచింది. మంచి పనే. కాని పట్టాదారు పాసుబుక్కు తెమ్మన్నరు. కోడెను మొక్కిన మాదిగకు గుంట భూమి లేదు. కౌలు చేసేటోనికి పాసుబుక్కు లేదు. మా మొక్కు పోయి పాసుబుక్కున్నోని కొట్టంల పడ్డది. మేత కావాలె గదా అంటరు. కౌలు చేసేటోని పొలంల గడ్డి మొలవదా? ఆవు మాంసం పేరు మీద మనుషుల్ని కొట్టి చంపే దేశంల, గోశాల బురదల చచ్చిన కోడెకు కేసు ఎవని మీద పెట్టాలె?

మేమిచ్చినవి పైసలు, కోడెలే కాదు. ఆడపిల్లలను ఇచ్చినం. జోగిని చేసి దేవుని పేరు మీద వూరి దొరలకు అప్పగించిన బిడ్డలు ఏ కులపోళ్లో అందరికీ తెల్సు. 1988లో దానిమీద నిషేధ చట్టం వచ్చింది. ఆ బిడ్డల లెక్క ఏ గుడి పుస్తకంల వుందో ఎవరన్న చూపెట్టాలె.

2023 ఫిబ్రవరిలో కొండగట్టు అంజన్న గుడిల వెండి పోయింది. పోలీసులు రాష్ట్రం దాటి పోయి దొంగలను పట్టుకొచ్చిన్రు. గోడ దూకి వచ్చే దొంగకు పోలీసులున్నరు. గోడ లోపల ఏం జరుగుతుందో చూసే కన్ను యాడుంది? ధర్మపురి 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు సీటు. గెలిచినోళ్లు మంత్రులు కూడా అయిన్రు. నరసింహస్వామి గుడి ఖర్చుల పట్టీ మాత్రం మన వాడల దాకా రాలే.

1936లోనే బాబాసాహెబ్ చెప్పిండు: పురోహితగిరి తండ్రి నుంచి కొడుక్కు రావొద్దు, పరీక్ష పాసై సనదు తీసుకున్నోడే పూజారి కావాలె, వాడు సర్కారు నౌకరు లెక్క క్రమశిక్షణకు లోబడాలె. 1987లో ఎన్టీఆర్ సర్కారు 30వ చట్టంతో మిరాశీలను, వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు అది సరైందేనన్నది. 2007 సవరణతో అర్చక కుటుంబాలకు మళ్లీ సందు దొరికింది. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు అర్చకుడు హైదరాబాదు జియాగూడల ఒక దళిత యువకుణ్ణి భుజాల మీద ఎత్తుకొని గుళ్లెకు తీసుకపోయిండు. సంతోషం. మాకు భుజాలు వద్దు, కాళ్లున్నయ్. తాళంచెవి కావాలె.

ఇంతదాక చదివి మన పాస్టరయ్యలు ఖుషీ అయితున్నట్టుంది. ఆగండయ్యా.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వాడలల్ల మందిరాలు ఎవరి చెమటతో లేచినయ్? దుబాయి, మస్కట్ ఎండల్ల ఇటుకలు మోసే కొడుకు పంపిందాంట్ల, తల్లి బీడీల కూలిల, సిరిసిల్ల సాంచెల మీద రాత్రంత నిలబడ్డ తండ్రి జీతంల దశమభాగం. అప్పు తెచ్చి ఇచ్చేటోళ్లు కూడా వున్నరు. మరి మందిరం జాగ ఎవరి పేరు మీద రిజిస్ట్రయింది? చాలా కాడ పాస్టరు పేరు, లేకుంటే పాస్టరమ్మ పేరు. తర్వాత కొడుకు పాస్టరు. గుళ్లల్ల 1987ల రద్దయిన మిరాశీ మన మందిరాలల్ల మళ్లీ పుట్టింది! అందరూ అట్లనే అని మేమనం. చందా పుస్తకం బల్ల మీద పెట్టే పాస్టర్లున్నరు, వాళ్లకు దండం. ఆదివారం గృహనిర్వాహకుని ఉపమానం మీద వాక్యం చెప్తరు. అండ్ల లెక్క అప్పజెప్పాల్సింది నిర్వాహకుడు. ఇక్కడ నిర్వాహకుడే తిరగబడి విశ్వాసిని అడుగుతుండు, నీ దశమభాగం ఏదని.

ఎందుకు నోరెత్తుత లేరు? దీని యేరు 1950 రాష్ట్రపతి ఉత్తర్వుల వుంది. సిక్కులను 1956ల, బౌద్ధులను 1990ల చేర్చిన్రు, క్రైస్తవుడైన దళితుణ్ణి మాత్రం ఎస్సీ కాదన్నరు. మన దగ్గర వాణ్ణి బీసీ-సీ కింద 1 శాతంల పడేసిన్రు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారిన పాస్టరుకు అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. అందుకని మనోళ్లు మందిరంల వుంటరు గాని మందిరం రిజిస్టర్ల వుండరు. రిజిస్టర్ల పేరు లేనోడు సభ్యుడు కాదు. సభ్యుడు కానోనికి సర్వసభ్య సమావేశంల కుర్సీ లేదు, ఓటు లేదు, లెక్క అడిగే హక్కు లేదు. ఎవరన్న గట్టిగ అడిగితే, కాయిదాల మీదికి పోతే నీ సర్టిఫికేటు పోతదని బెదిరిస్తరు. ఢిల్లీల రాసిన అన్యాయం ఇక్కడ కొందరికి ఆస్తి అయ్యింది.

ఇప్పుడు గీ మాటలు రాస్తే హిందుత్వవాళ్లకు ఆయుధం ఇచ్చినట్టని మనోళ్లే అంటున్నరు. వాళ్లకు ఆయుధం మేమియ్యాల్నా? 2017ల కంపాషన్ ఇంటర్నేషనల్ ఇండియాల మూతపడితే లక్షకు పైగా పిల్లలకు సాయం ఆగింది. 2020 సవరణతో విదేశీ చందా అంతా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ఒక్క బ్రాంచికే రావాలన్నరు. వాళ్లకు కావాల్సింది తాళమెయ్యడం. మాకు కావాల్సింది తాళం తియ్యడం. మనం అడగని లెక్కను రేపు వాళ్లు అడుగుతరు, అప్పుడు మందిరమే వుండదు.

ఇగ పని. గుళ్లు దేవాదాయశాఖ కింద వున్నయ్, సమాచార హక్కు చట్టం 2005 వర్తిస్తది. ఈవో పేరున అర్జీ, ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. ఐదేండ్ల హుండీ, కోడె టికెట్లు, తలనీలాల వేలం, దుకాణాల కిరాయి, వీటి రాబడి, ఖర్చు పద్దు పద్దుగా అడగండి. గుడి ఊడ్చే, కడిగే ఆడోళ్లు ఏ ఏజెన్సీ కింద వున్నరు, చేతికెంత వస్తుంది, పీఎఫ్ కడుతున్నరా, ఇది తప్పకుండ అడగండి. వాళ్లు మన వాడల వాళ్లే. మందిరం సొసైటీగా రిజిస్ట్రయితే 2001 చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలె, కమిటీ జాబితా రిజిస్ట్రారుకు పంపాలె. ఆ జాబితా నకలు తీసుకొని ఎవరెవరి పేర్లున్నయో చూడండి. అర్జీ రాయరాకపోతే బడి విడిచినంక సాయంత్రం మా దగ్గరికి రండి, రాసిస్తం. వేలిముద్రయినా సరే, పేరు మాత్రం మీదే వుండాలె.