డౌన్‌లోడ్ బటన్ ఎక్కడున్నది? వెబ్‌సైట్ చేసేవాళ్ళకు మా హాస్టల్ మాట

పోస్టు కొంచెం పెద్దగున్నది, ఓపికతో చదవండి.

మన గ్రూపుకు సొంత వెబ్‌సైట్ కావాలని కొన్ని రోజులుగా చర్చ నడుస్తున్నది. ఫొటోలు తిరిగే స్లైడర్ ఉండాలని కొందరు, పెద్దల ఫొటోలు పైన పెట్టాలని కొందరు అంటున్నరు. మేము హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివేటోళ్ళం, మా ఇండ్లల్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాళ్ళం. మాకు డిజైన్ చదువు లేదు. కానీ డెబియన్ అనే ప్రాజెక్టు తన వెబ్‌సైట్‌ను ఎట్ల మార్చుకున్నదో చదివినం, దాన్ని రోజూ వాడుతున్నం. అందులో మనకు పనికొచ్చే సంగతి ఉన్నదని మా అభిప్రాయం.

డెబియన్ అంటే విండోస్ లాగ కంప్యూటర్ నడిపే వ్యవస్థ. 1993లో ఇయాన్ మర్డాక్ అనే కాలేజీ విద్యార్థి మొదలుపెట్టిండు. దానికి యజమాని కంపెనీ లేదు. దేశదేశాల వాలంటీర్లు సొంత టైంల చేస్తరు, ప్రతి ఏడాది ఓటేసి లీడర్‌ను ఎన్నుకుంటరు. చాలామందికి తెలిసిన ఉబుంటు కూడా దీని మీద కట్టిందే. మా రూముల్లో సీనియర్లు వదిలిపోయిన పాత లాప్‌టాప్‌లు విండోస్‌తో నడవలేక మూలుగుతుంటే, వాటిల్ల ఇది ఎక్కిస్తే మళ్ళీ లేచినయ్. పైసా ఖర్చు లేదు.

ఇగ వెబ్‌సైట్ సంగతి. 2020 డిసెంబర్ దాకా దాని మొదటి పేజీ నిండా రాతలు, లింకులు. డౌన్‌లోడ్ లింకు ఒక పక్కన చిన్న అక్షరాలతో ఉండేది. తెలిసినోనికి ఇబ్బంది లేదు. కొత్తగ వచ్చినోడు మాత్రం ఏది నొక్కాలో తెలియక తిరిగి పోవాల్సిందే. 2020 డిసెంబర్‌లో మొదటి పేజీని కొత్తగ చేసిండ్రు. డౌన్‌లోడ్ బటన్ పైకి వచ్చింది, డెబియన్ ఏంది, ఎవరు చేస్తున్నరు అన్నది చిన్న ముక్కల్లో పెట్టిండ్రు. మంచి పనే.

అయితే అసలు అడ్డం పేజీ రూపంలో లేకుండె. బటన్ నొక్కితే వచ్చే ఫైలులో ఉండె. చాలా లాప్‌టాప్‌ల వైఫై నడవాలంటే ఫర్మ్‌వేర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలి. దాన్ని కార్డు తయారుచేసే కంపెనీలు ఇస్తయ్, దాని కోడ్ బయట పెట్టవు. అందరూ చూడగలిగే కోడ్ మాత్రమే మా వ్యవస్థలో ఉంటదని డెబియన్ వాళ్ళ నియమం కాబట్టి అధికారిక ఫైలులో అది పెట్టలేదు. ఫర్మ్‌వేర్ ఉన్న ఇంకో ఫైలు వేరే చోట, అనధికారికం అని రాసి, ఉండేది. ఎక్కడున్నదో తెలిసినోనికే దొరికేది. కొత్తోడు పెద్ద బటన్ నొక్కి, డాటా అంతా పెట్టి దించుకొని, ఇన్‌స్టాల్ మొదలుపెడితే మధ్యలో నెట్ లేదు అంటది. పట్నంలో అయితే కేబుల్ గుచ్చుకుంటడు. మా హాస్టల్లో కేబుల్ ఎక్కడిది?

2022లో దీని మీద వాళ్ళు ఓటింగ్ పెట్టుకున్నరు. సిద్ధాంతం వదులుకున్నట్టు అయితదని కొందరు, వాడేటోనికి దారే లేకపోతే సిద్ధాంతం ఎవరికి చేరుతదని కొందరు వాదించిండ్రు. చివరికి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఫైలులోనే పెట్టాలని తేలింది. దాని కోసం తమ సామాజిక ఒప్పందంలో కూడా మాట మార్చుకున్నరు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అట్లనే వస్తున్నది. మా లెక్కన వెబ్‌సైట్ నిజంగా మారింది ఆ రోజే. రంగు, బొమ్మ 2020లో మారినయ్, తలుపు 2023లో తెరుచుకున్నది.

పాత సైట్ చూడటానికి బాగలేదని ఎక్కిరించేటోళ్ళు ఉన్నరు. వాళ్ళతో మేము ఒప్పుకోం. అది ముందే తయారుచేసి పెట్టిన తేలిక పేజీలతో నడుస్తది, జావాస్క్రిప్ట్ లేకున్నా తెరుచుకుంటది. మా ఊర్లల్ల గుట్ట ఎక్కితే ఒక గీత సిగ్నల్ వస్తది. ఆ గీత మీద కూడా డెబియన్ పేజీ తెరుచుకుంటది. దరఖాస్తుల సైట్లు కొన్ని అదే ఫోన్‌లో చక్రం తిప్పుతనే ఉంటయ్, పేర్లు ఎందుకు గానీ అందరికీ తెలిసినవే. కొత్త రూపం పేరుతో ఈ తేలికతనం పోగొట్టకపోవడం డెబియన్ వాళ్ళు చేసిన తెలివైన పని. దీన్ని ఎవరూ పెద్దగ మెచ్చుకోరు, ఎందుకంటే కంటికి కనపడదు.

భాష విషయం కూడా చూడండి. మన బ్రౌజర్‌లో ఏ భాష పెట్టుకున్నమో చూసి, ఆ భాషలో అనువాదం ఉంటే ఆ పేజీనే చూపిస్తది. ఇంగ్లీష్ పేజీ మారి అనువాదం వెనకబడితే ఆ సంగతి వాళ్ళకు లెక్కల తెలుస్తది, బాగా పాతదైతే చదివేటోనికి కూడా చెప్తరు. మన దిక్కు మూడేండ్ల కిందటి స్కాలర్‌షిప్ తేదీ ఇప్పటిది అనుకొని బస్ ఛార్జీ పెట్టుకొని పోయి వచ్చిన పిల్లలు ఎంతమంది! పేజీ మీద చివరిసారి ఎప్పుడు సరిచేసినమో రాస్తే ఆ తిప్పలు ఉండదు.

ఇంకో సంగతి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. దాని ఫాంటు నోటో ఫాంట్లతో పాటు డెబియన్‌లో దొరుకుతది. మన సైట్‌లో గోండి రాతను ఫొటో తీసి పెడదామని ఒక అన్న అన్నడు. వద్దన్నా. ఫొటో బరువు, అందులో మాట వెతికితే దొరకదు. అక్షరాలుగనే పెట్టి, ఫాంటు మనమే జతచేద్దాం.

వాలంటీర్ల పనిలో ఒక చిక్కు కూడా ఉన్నది. డెబియన్ రాజ్యాంగంలోనే ఉన్నది, ఎవరినీ పని చేయమని బలవంతం చేయరాదని. అందుకే 2020లో మొదటి పేజీ మారింది, లోపలి పేజీలు అప్పుడే మారలేదు. ఊర్లో ఇల్లు కప్పనీకి పదిమంది వస్తరు, తర్వాత ఏటేటా గడ్డి మార్చనీకి ఇద్దరే మిగుల్తరు. మన సైట్ కూడా ఇట్లనే అయితదని మాకు భయం. ప్రారంభం రోజు ఫొటోలు దిగుతరు, పరీక్షల టైంల తేదీలు ఎవరు మారుస్తరు? ఆ ఇద్దరి పేర్లు తేలకుండ స్లైడర్ గురించి మాట్లాడటం మాకైతే నచ్చలేదు.

మొదటి పేజీ మీద మేము అడిగేది ఇంతే: హాస్టల్ సీట్లు, స్కాలర్‌షిప్ చివరి తేదీలు, కుల ధ్రువీకరణకు ఏ కాగితాలు కావాలో. పెద్దల ఫొటోలు లోపలి పేజీలో గౌరవంగనే పెడదాం. నమూనా తయారైనంక ముందు ల్యాబ్‌లో కాదు, మా హాస్టల్‌లో ఉన్న నాలుగు పాత ఫోన్లల్లో తెరిచి చూపించండి. ఇంటర్ చదివే చెల్లెళ్ళ చేతికి ఇచ్చి, సీట్ల లిస్టు వెతకమని చెప్పి పక్కన నిలబడి చూద్దాం, మధ్యలో ఎవరూ నోరు విప్పొద్దు. వచ్చే ఆదివారం మేము ఖాళీనే.