కోళ్లను పట్టే తీరు మారాలి

కోళ్ల పెంపకానికి అప్పు తీసుకున్నవారు దాణా, టీకాలు, షెడ్డులో గాలి వెలుతురుల విషయంలో ఎంతో శ్రద్ధ వహిస్తారు. కాని ఆరు వారాలు పెంచిన బ్రాయిలర్లను బండికెక్కించే ఆ రెండు మూడు గంటలను మాత్రం పట్టేవారి దయకు విడిచిపెడతారు. ఇది సరికాదని మా అభిప్రాయం.

కోడి దేహనిర్మాణం మన దేహం వంటిది కాదు. మన శ్వాసకు తోడ్పడే ఉదరవితానం దానికి లేదు. దాని ఊపిరితిత్తులు పక్కటెముకలకు అంటుకొని ఉండి, మనవి వలె ఉబ్బవు. రొమ్ము ఎముక, పక్కటెముకలు కదిలినప్పుడే గాలి సంచులలోనికి గాలి వచ్చిపోతుంది. కనుక రొమ్మును గట్టిగా అదిమి పట్టుకుంటే, ముక్కు తెరచి ఉన్నా కోడికి ఊపిరాడదు. తలక్రిందులుగా వ్రేలాడదీస్తే లోపలి అవయవాల బరువు ఆ సంచులపై పడుతుంది. సంతలలో కోళ్లను కట్టలుగా సైకిళ్లకు వ్రేలాడదీయడం చూచి చూచి మన కళ్లకు అలవాటైపోయింది గాని, జంతుహింసా నివారణకు 1960లో వచ్చిన చట్టం జంతువులను అనవసరమైన బాధ కలిగేటట్లు మోసుకుపోవడాన్ని నేరంగానే పరిగణిస్తుంది.

ఒక్క కాలు పట్టి లాగితే తుంటి కీలు తప్పి, లోపల రక్తనాళం తెగవచ్చును. పైకి గాయం కనిపించదు. దారిలో చనిపోయిన అటువంటి కోడిని "ఎండదెబ్బ" పద్దులో వ్రాసుకోవడం సులభం! గ్రుడ్ల కోళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక్కొక్క పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. అందులో కొంత ఎముకల నుండే వస్తుంది. అందుచేత గ్రుడ్లు పెట్టడం ముగించిన కోడి ఎముకలు పెళుసుగా ఉంటాయి.

మసక వెలుతురులో, రెండు చేతులతో రెక్కలను ఒంటికి ఆనించి, రొమ్ము క్రింద అరచేయి ఊతమిచ్చి ఎత్తండి. జాలీలో పెట్టండి, విసరకండి. పట్టే సమయం వరకు నీరు ఉంచండి.

తూకం వరకు నష్టం పెంపకందారుదని వ్యాపారి, తూకం తరువాత వ్యాపారిదని పెంపకందారు తలుస్తున్నారు. కోళ్ల లెక్కన కూలి ఇచ్చినంతకాలం పట్టేవారు వేగమే చూస్తారు, అందులో వారి తప్పు లేదు. కూలిని గంటల లెక్కన మార్చండి, మరి ఇద్దరిని అదనంగా పెట్టుకోండి, ఆ ఖర్చును ఇరువురూ సగం సగం భరించండి. రెక్క విరిగిన, తొడ కమిలిన కోళ్లను తూకానికి ముందే ఇద్దరూ కలిసి చూచి, లెక్క వ్రాసుకోండి.