మిక్సీచాటు బిడ్డ

సాయంత్రం ఏడున్నర కొట్టిందంటే చాలు, మా కింది ఫ్లాట్‌లో మిక్సీ మోత మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్యన కొత్తపేటలో ఉంటున్నవాళ్లం. బస్సుల హారన్లకి ఎప్పుడో అలవాటు పడిపోయాం. ఈ మోతకి మాత్రం ఇంకా పడలేదు. చట్నీ అనుకునేరు, కాదు. ఏడాది నిండిన పాపకి రాత్రి బువ్వ తయారవుతోందన్నమాట. అన్నం, పప్పు, క్యారెట్ అన్నీ కలిపి గంధంలా రుబ్బేస్తారు. ఇడ్లీ కూడా మిక్సీలో వేస్తారా అని అడక్కండి. వేస్తారు!

పాపాయి తల్లిది అమీర్‌పేటలో ఉద్యోగం. పొద్దున తొమ్మిదింటికి మెట్రో ఎక్కితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. తండ్రికి ఎల్బీనగర్‌లో షాపు. బిడ్డని చూసుకోవడానికి సూర్యాపేట దగ్గర పల్లె నుంచి నాయనమ్మ వచ్చింది. పొలం, పాడి వదిలేసి, లిఫ్ట్ ఎక్కడానికి కూడా భయపడే మనిషి మనవరాలి కోసం మూడో అంతస్తులో ఉంటోంది.

మొన్న పాప పుట్టినరోజుకి అందరం వెళ్లాం. కేకు కోశారు, ఫొటోలు తీశారు. ఎవరో ముద్దుగా చిటికెడు ఉప్మా పాప నోట్లో పెట్టారు. పాప మొహం అదోలా పెట్టి, నాలుకతో మొత్తం బయటికి నెట్టేసింది. "మాదానికి పలుకు తగిలితే పడదక్కా. మహా పేచీకోరు" అంది తల్లి నవ్వుతూ. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. టీకా కోసం తీసుకెళ్తే, పిల్ల పాలిపోయి ఉందని డాక్టరు రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఈ వయసులో 10.5 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క.

ఆ రాత్రి మిక్సీ మోత లేదు. దాని బదులు మాటలు పైకి వినిపించాయి. "రోజంతా ఇంట్లో ఉండి ఏం పెడుతున్నారత్తమ్మా?" అని కోడలు. "నా చేతుల మీద నలుగురు పెరిగిన్రు, నాకు చెప్తున్నవా?" అని అత్త. తర్వాత ఇద్దరూ ఏడుపు.

భయం ఎవరిది?

మర్నాడు ఆవిడే మా ఇంటికి వచ్చింది. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పింది. పాపకి ఎనిమిదో నెలలో ఒకసారి ఇడ్లీ ముక్క పెట్టిందట. పిల్లకి ఓకరింపు వచ్చి, మొహం ఎర్రబడి, కళ్ల నిండా నీళ్లొచ్చాయట. ఇంట్లో ఇంకెవరూ లేరు. "ఆ దినం నా పాణం పోయింది బిడ్డా. కొడుకు, కోడలు ఇంట్ల లేనప్పుడు పిల్లకేమన్న అయితే నేనేం జవాబు చెప్పాలె? అప్పటిసంది అన్నీ మిక్సీలనే" అంది.

పేచీ పాపది కాదని నాకప్పుడు అర్థమైంది. అది పెద్దవాళ్ల భయం. ఆ భయాన్ని ఒక్క మనిషి నెత్తిన వదిలేసి మిగతా అందరూ ఆఫీసులకి వెళ్లిపోతున్నారు. ఆవిడని తప్పుపట్టే అర్హత నాకూ లేదు. మావాడికి మూడేళ్లొచ్చేదాకా కంచం పట్టుకుని డాబా మీద వాడి వెనకాల పరిగెత్తినదాన్నే నేను.

నమలడం కూడా నడక లాంటిదే

నడక నేర్చుకునేటప్పుడు బిడ్డ పడుతుంది, లేస్తుంది. పడుతుందేమోనని చంకలోంచి దింపకపోతే నడక రాదు. నమలడమూ అంతే. ఆరు నెలలు నిండగానే మెత్తటి గుజ్జుతో మొదలుపెట్టి, ఎనిమిది, తొమ్మిది నెలలకి మెదిపిన ముద్దలు, చేత్తో పట్టుకునే మెత్తటి ముక్కలు అలవాటు చేస్తే, ఏడాదికల్లా ఇంట్లో అందరూ తినేదే కొంచెం మెత్తగా తినగలుగుతారు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల మొదట్లో పుట్టిన వేలాది పిల్లల్ని గమనిస్తూ వచ్చిన పరిశోధకులు ఓ విషయం చెప్పారు. పది నెలలు దాటాక గానీ పలుకులున్న తిండి రుచి చూడని పిల్లల్లో, ఆ తర్వాత తిండి దగ్గర పేచీలు ఎక్కువగా కనిపించాయట. అలాగని ఏడాది దాటితే పుట్టి మునిగినట్టు కాదు. కాస్త ఓపిక ఎక్కువ కావాలి, అంతే.

"పళ్లే సరిగ్గా రాలేదు, ఎట్ల నములుతది?" అన్నది నాయనమ్మ ప్రశ్న. నమిలే దవడ పళ్లు ఎలాగూ ఏడాది దాటాకే వస్తాయి. అప్పటిదాకా చిగుళ్లే ఆ పని చేస్తాయి. నమ్మకం లేకపోతే శుభ్రంగా కడిగిన వేలు పాప నోట్లో పెట్టి చూడండి, తెలుస్తుంది!

ఇక ఓకరింపు సంగతి. దగ్గు, శబ్దం, ఎర్రబడిన మొహం ఉన్నాయంటే ముక్కని గొంతు వెనక్కి పంపిస్తోందని అర్థం. అది దేవుడిచ్చిన కాపలా. కంగారు పడకుండా పక్కనే ఉండి చూడాలి. శబ్దం లేకపోతేనే ప్రమాదం. ఏడుపు రాక, దగ్గు రాక, పెదాలు నీలంగా మారుతున్నాయంటే ఊపిరి అడ్డుపడినట్టే. ఏడాది దాటిన బిడ్డనైతే ముందుకు వంచి, భుజాల మధ్య వీపు మీద అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా చరచాలి. ముక్క రాకపోతే వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకి పైన పొట్టని లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఆగకుండా ఒకదాని తర్వాత ఒకటి చేస్తూ ఉండాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. ఈ నాలుగు ముక్కలూ బిడ్డని చూసుకునే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. నాయనమ్మకైతే ముందు తెలియాలి.

పల్లీలు, శనగలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, పచ్చి క్యారెట్ ముక్కలు, గింజలున్న పండ్లు ఈ వయసులో అసలు వద్దు. ద్రాక్షపండుని నిలువునా నాలుగు ముక్కలు చేయాల్సిందే. పడుకోబెట్టి, పరిగెత్తిస్తూ పెట్టొద్దు. కూర్చోబెట్టి పెట్టండి.

పాలు ఎక్కువైతే

పాప రోజుకి ఎన్ని పాలు తాగుతోందని అడిగాను. పగలు మూడు సీసాలు, రాత్రి రెండు. కలిపితే లీటరు దాటింది! బువ్వ తినలేదని పాలు పడతారు, పాలతో కడుపు నిండి బువ్వ తినదు. మళ్లీ పాలు. పాలలో ఇనుము దాదాపు లేదు. ఆవు పాలో గేదె పాలో మరీ ఎక్కువైతే రక్తహీనతకి దారి తీస్తాయి. ఏడాది దాటాక రోజుకి అర లీటరు లోపు చాలు. తల్లిపాలైతే రెండేళ్లూ, ఆ పైనా ఇవ్వొచ్చు. చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది మానేయండి. తిండిలో ఉన్న ఆ కాస్త ఇనుమునీ చాయ్ ఒంటికి పట్టనివ్వదు.

ఇంకో లెక్క చూడండి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడు మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ తగ్గుతుంది. "పోయిన నెల గిన్నెడు తినేది, ఇప్పుడు సగమే" అని బెంగపడే ముందు ఈ సంగతి గుర్తుతెచ్చుకోండి.

మిక్సీ నుంచి పప్పుగుత్తికి

మొదటి వారం మిక్సీకి సెలవిచ్చి పప్పుగుత్తి పట్టుకున్నారు. ముద్ద నీళ్లగా కాకుండా, గరిటె తిప్పినా జారనంత చిక్కగా. జారుడు పప్పులో తేలే పలుకులే పిల్లలకి అన్నిటికన్నా కష్టం. రెండో వారం గరిటె వెనక భాగంతో మెదిపిన అన్నం, పప్పు, నెయ్యి. పక్కనే చిన్న పళ్లెంలో పాప చేతికి అందేలా రెండు ముక్కలు. ఉడికించిన చిలగడదుంపో, మాగిన బొప్పాయో, అరటిపండో. వేళ్ల మధ్య నొక్కితే చితికిపోయేంత మెత్తగా ఉంటే చాలు. మూడో వారం ఇంట్లో అందరికీ చేసిన కూరే. కాకపోతే కారం, ఉప్పు వేయకముందే పాప వాటా తీసి పెట్టారు.

పాప మొదటి రోజు బొప్పాయి ముక్కని నలిపి జుట్టుకి రాసుకుంది. రెండో రోజు విసిరేసింది. ఐదో రోజు నాకి చూసింది. కొత్త రుచిని పది పదిహేనుసార్లు చూశాక గానీ ఒప్పుకోని పిల్లలు చాలామంది. మనమేమో మూడోసారికే "దీనికి నచ్చదు" అని తీర్పు చెప్పేస్తాం.

అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి ఒకటుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ పని. చెప్పడానికి తేలికే. ఆచరణలో మాత్రం మన చేతులు ఊరుకోవు. అందుకని ఆ ఇంట్లో ఓ నియమం పెట్టుకున్నారు. అరగంట అయ్యాక కంచం తీసేయాలి. బతిమాలడం లేదు, బూచోడు లేడు, ఫోన్లో బొమ్మలు లేవు. మళ్లీ రెండు మూడు గంటల తర్వాతే తిండి. రోజుకి మూడు నాలుగు పూటల భోజనం, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు.

మన బజారులోనే అన్నీ

డబ్బా సీరియల్ కొనమంటారా అని తల్లి అడిగింది. సరూర్‌నగర్ రైతుబజారుకి వెళ్లమన్నాను. తోటకూర, పాలకూర పప్పులో వేసి, దించాక రెండు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా వంటబడుతుంది. గుడ్డు రోజుకొకటి పెట్టొచ్చు. మాంసం తినేవాళ్లయితే మెత్తగా ఉడికించి సన్నగా తరిగిన చికెన్, అప్పుడప్పుడూ చిన్న ముక్క కార్జం, ముళ్లు తీసిన చేప పెట్టండి. పప్పులో నానబెట్టిన జొన్నరొట్టె పిల్లలకి భలే సులువు. రెండేళ్లలోపు పిల్లల ఆహార డబ్బాలకి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో చట్టమే ఉంది. 1992లో వచ్చింది, 2003లో మరింత గట్టిపడింది. ఎందుకో ఆలోచించండి.

అంగన్‌వాడీ అనగానే అది మనకి కాదనుకుంటారు ఫ్లాట్లవాళ్లు. తెలంగాణలో ఏడు నెలలు నిండిన పిల్లల నుంచి మూడేళ్లలోపు వాళ్లకి అక్కడ ఇచ్చే బాలామృతం వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పొడి. బరువు తూచి ఎదుగుదల పట్టికలో గుర్తుపెడతారు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. ఆశా కార్యకర్తని అడగండి. రక్తహీనత బయటపడిన బిడ్డకి మాత్రం మోతాదు డాక్టరే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి ఇది మా కింది ఫ్లాట్ కథ ఒక్కటే కాదు.

ఇంట్లో సర్దుకునేవి కొన్నైతే, డాక్టరుకి చూపించాల్సినవి కొన్ని. బరువు తగ్గుతున్నా, మింగిన ప్రతిసారీ దగ్గుతున్నా, ఏం పెట్టినా కక్కుతున్నా, మట్టి, సున్నం తింటున్నా ఆలస్యం చేయొద్దు. నెల రోజులు ఓపిగ్గా ప్రయత్నించినా పలుకు మింగలేకపోతే అప్పుడూ అంతే.

మూడు నెలలు గడిచాయి. డాక్టరిచ్చిన ఐరన్ చుక్కలు, తగ్గిన పాలు, పెరిగిన బువ్వ కలిసి పాప హిమోగ్లోబిన్ 10.9కి వచ్చింది. ఇప్పుడు కోడలు ఆఫీసుకి వెళ్తూ "ఏం పెట్టారు?" అని ఫోన్లో నిలదీయడం లేదు. ఆదివారం పూట తనే పక్కన కూర్చుని, అత్తమ్మ ఎలా పెడుతుందో చూస్తోంది.

నిన్న చిన్న పని మీద కిందికి వెళ్లాను. నాయనమ్మ కింద కూర్చుని అన్నం తింటోంది. పాప పాక్కుంటూ వచ్చి, ఆవిడ కంచంలోంచి పప్పులో నానిన రొట్టె ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మరో ముక్క తీసి నాయనమ్మ నోటికి అందించింది. ఆవిడ అది నములుతూ నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

అది గొంతుకి అడ్డుపడి వచ్చిన నీళ్లు మాత్రం కాదు.