కవరు మన చేతికే రావాలి

నిరుడు నా పేర వచ్చిన బ్యాంకు నోటీసు మా ఊరి కిరాణా కొట్లో పదిహేను రోజులు పప్పు డబ్బాల వెనక పడి ఉంది. నేను చూసేసరికి గడువు నాలుగు రోజులే మిగిలింది. కొట్టతన్ని ఏమంటాం? పాపం, సాయం చేద్దామనే సంతకం పెట్టి తీసుకున్నాడు.

గ్రామీణ డాక్ సేవక్‌నీ తిట్టలేం. రోజుకు నాలుగైదు గంటలకే జీతం లెక్కగట్టి ఊళ్లన్నీ తిరగమంటే, పొలంలో ఉన్న రైతును ఎక్కడని వెతుకుతాడు? ఎనిమిది గంటల పని కోసం వాళ్లు చేసే పోరాటం మనది కూడా.

చట్టం మాత్రం ఇవేవీ చూడదు. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే లెక్క. అందలేదని రుజువు చేసుకోవలసింది మనమే. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. చిరునామాదారు చేతికే ఇవ్వాలంటే పంపేవాళ్లు మరో ఐదు రూపాయలు, జీఎస్టీ కట్టాలి. అప్పుకూ భూమికీ సంబంధించిన ప్రతి నోటీసుకూ అది తప్పనిసరి చేయాలని మన సంఘం గట్టిగా అడగాలి.

ఈలోగా డాక్ సేవక్‌కి మీ ఫోన్ నంబరు ఇవ్వండి. నేనిచ్చాను. నా కవర్లకు సంతకం పెట్టొద్దని కొట్టతనికీ చెప్పాను.