సోదాలకు సంజాయిషీ ఏది?

కారు ఆపి, బ్రీత్ ఎనలైజర్‌లో ఊదించి పంపేయడం పోలీసులకు మామూలే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2009-10లో పరిశోధకులు దానికి నాలుగు మాటలు చేర్పించారు: ఎవరినీ ఏరి ఆపడం లేదని చెప్పడం, కారణం వివరించడం, డ్రైవరు చెప్పేది వినడం, చివర్లో థాంక్స్. పోలీసుల మీద గౌరవం పెరిగింది. స్కాట్లాండ్‌లో మాత్రం అదే ప్రయోగం బెడిసికొట్టింది. అప్పజెప్పిన మర్యాదను జనం ఇట్టే పసిగడతారేమో!

మర్యాద సంగతి అలా ఉంచితే, పోలీసులు ఎవరిని ఆపుతున్నారన్నదీ ముఖ్యమే. ఇంగ్లండ్, వేల్స్‌లో నల్లజాతివారిని తెల్లవారికంటే సుమారు 4 రెట్లు ఎక్కువగా సోదా చేస్తున్నారు. లండన్ పోలీసు శాఖలో వ్యవస్థాగత జాతివివక్ష ఉందని 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక తేల్చింది. 2023లో కేసీ నివేదికా అదే చెప్పింది. మైనారిటీలు సమాజంతో కలవడం లేదని నిందించే నాయకులు ముందు ఈ రెండు నివేదికల మధ్య గడిచిన ఇరవై నాలుగేళ్లకు సంజాయిషీ ఇవ్వాలి.