రోగము కానిదానికి మందు

2022 ఆగస్టులో జాతీయ వైద్య కమిషను దేశమునందలి రాష్ట్ర వైద్య మండలులకు ఒక లేఖ వ్రాసినది. స్వలింగానురాగము గల స్త్రీపురుషులను 'మార్చెదము', 'కుదిర్చెదము' అని చెప్పి చేయు చికిత్స వృత్తిధర్మమునకు విరుద్ధమనియు, అట్టి చికిత్సకు పూనుకొను వైద్యునిపై క్రమశిక్షణ చర్య గైకొనవలసినదనియు అందలి సారాంశము. లేఖ వెలువడి యేండ్లు గడచినవి, వాదము మాత్రము సమసిపోలేదు. తలిదండ్రుల కోరికపై నాలుగు మంచిమాటలు చెప్పి దారికి తెచ్చిన తప్పేమి యని అడుగువారు విద్యావంతులలోను గలరు. మన జిల్లాలలో నీ ప్రశ్న పైకి వినబడినదానికంటె గుసగుసగా వినబడినదే యెక్కువ. కావున మా యభిప్రాయమును దాపఱికము లేక చెప్పుట విధియని తలచితిమి. ఇది చికిత్స కాదు. దీనిని చేయువాడు డాక్టరైనను, కౌన్సెలరైనను, మంత్రగాడైనను, చట్టము స్పష్టమైన మాటలతో నిషేధింపవలెను.

కర్నూలు, కడప ప్రాంతములలో నిట్టి సంగతి బయటపడిన యింట సాధారణముగా జరుగునది పాఠకులలో పలువు రెఱిగినదే. మొదట కేకలు, పిదప కన్నీరు, ఆపైని మౌనము. అమ్మాయి యైనచో చేతిలోని ఫోను లాగికొని, కాలేజి మాన్పించి, గడప దాటనీయరు. అబ్బాయి యైనచో అంత్రము కట్టించు స్థలము నెవరో చెప్పుదురు. అది ఫలింపకున్నచో పట్టణమునందలి డాక్టరు. ఆయన కాదని చెప్పి పంపినచో హైదరాబాదులోనో బెంగుళూరులోనో మఱియొకరు. వానలను నమ్ముకొనరాని నేల యిది. శనగకాయ పంటపై వచ్చిన నాలుగు డబ్బులును, అవి చాలనిచో వడ్డీకి తెచ్చిన అప్పును ఈ దారిలో కరగిపోవును. ఆ తలిదండ్రులు దుర్మార్గులని మేము అనము. బిడ్డకు జబ్బు చేసినదని నమ్మినవాడు ఇల్లు తాకట్టు పెట్టియైనను మందు తెచ్చును. ఆ నమ్మకమును సొమ్ము చేసికొనువారిని మాత్రము క్షమింపజాలము.

పిచ్చి కుదిరిననే గాని పెండ్లి కాదు, పెండ్లి యైననే గాని పిచ్చి కుదరదు అని మనలో నొక సామెత గలదు. నవ్వుటకై పుట్టిన యీ మాటను మనవారు వైద్యశాస్త్రముగా పట్టుకొనిరి. అన్ని మందులును విఫలములైన పిమ్మట మిగులు మందు పెండ్లియే. అయితే ఈ మందునకు మూల్యము చెల్లించునది మఱియొక యింటి బిడ్డ. ఏ పాపము నెఱుగని పిల్ల, తండ్రి కూడబెట్టిన బంగారముతోను, తల్లి సర్దిన సామానుతోను ఆ యింట కాలుపెట్టును. నెలలు గడచును. భర్త ముఖము చూడడు. కారణ మామెకు చెప్పువారు లేరు. తనయందే లోపము గలదని యామె కుములును, అత్తవారు నదే యందురు. పుట్టింటికి వచ్చినచో నూరంతయు నామెనే ప్రశ్నించును. తుదకు కట్టలు కట్టిన కాగితములతో వకీలు బల్ల ముందు కూర్చుండునప్పటికి, ఆ పిల్ల నోట మాట యుండదు, పక్కన కూర్చున్న తండ్రియే చెప్పవలెను. 1955 నాటి హిందూ వివాహ చట్టపు 12వ సెక్షను క్రింద, ముఖ్యమైన విషయమును దాచి మోసపుచ్చి చేసిన పెండ్లిని రద్దు చేయింప వీలున్నది గాని, మోసము తెలిసిన యేడాదిలోపల పిటిషను వేయవలెను. నిజము తెలియుటకే యేండ్లు పట్టు సంసారములలో, తెలిసినను నోరు విప్పుటకు సిగ్గు అడ్డుపడు ఇండ్లలో, ఆ గడు వెవరికి చాలును? ఇక బలవంతపు పెండ్లికి లోనైనది ఆడపిల్లయే యైనచో, ఆమె పడు హింసకు కాగితమే లేదు. రెండు జీవితములను చెఱచి, కుటుంబ గౌరవము నిలిచినదని పెద్దలు నిట్టూర్చుట మేము చూచుచున్నాము.

స్వలింగానురాగము పడమటి దేశములనుండి దిగుమతియైన వ్యసనమని మన జాతీయవాదులలోనే కొందఱు వాదించుచున్నారు. దిగుమతి లెక్క తేల్చుద మన్నచో మేమును సిద్ధమే. దీనిని నేరముగా మన శిక్షాస్మృతిలో నెక్కించినది మెకాలే తలపెట్టి 1860లో తెల్లదొరలు శాసించిన చట్టము. ఆ దొరలు తమ ఇంగ్లండులో 1967లోనే ఆ నేరమును చాలవఱకు తొలగించుకొనిరి. మనము స్వతంత్రులమైన పిమ్మట డెబ్బదియొక్క యేండ్లు దానిని మోసి, 2018 సెప్టెంబరు 6న సుప్రీముకోర్టు తీర్పుతో దించుకొంటిమి. చికిత్సయు నట్టిదే. బొమ్మలు చూపి విద్యుత్తుతో షాకు కొట్టుట, వాంతి పుట్టించు మందులిచ్చుట, హార్మోనులు ఎక్కించుట, ఇవన్నియు పడమటి ఆసుపత్రులలో పుట్టిన పద్ధతులు. యుద్ధకాలమున శత్రువుల రహస్యలిపిని ఛేదించుటకు తోడ్పడిన గణితశాస్త్రజ్ఞుడు ఆలన్ ట్యూరింగుకు 1952లో ఆ దేశపు న్యాయస్థానము విధించినది హార్మోను చికిత్సయే. రెండేండ్లకు ఆయన మరణించెను. రాణిగారి క్షమాపణ 2013లో వచ్చినది.

పుట్టించినవారే ఆ పద్ధతులను విడిచిపెట్టిరి. 1935లోనే ఫ్రాయిడు ఒక అమెరికా తల్లికి వ్రాసిన జాబులో, ఆమె కుమారునిది రోగము కాదనియు, మార్చెదనని తాను మాట యియ్యజాలననియు తెలిపెను. 1973లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని రోగముల పట్టికనుండి తొలగించినది. 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థయు తొలగించినది. మార్పు సాధ్యమేనని 2003లో పరిశోధన ప్రకటించిన రాబర్టు స్పిట్జరు అను ప్రసిద్ధ మనోవైద్యుడు 2012లో తన నిర్ణయము నిలువదని ఒప్పుకొని, దానిని నమ్మి కష్టపడినవారిని క్షమాపణ కోరెను. ప్రార్థనతో మార్చెదమని దశాబ్దములు నడచిన 'ఎక్సోడస్' అను అమెరికా సంస్థ 2013లో తలుపులు మూసికొనినది. మాల్టా, జర్మనీ, కెనడా, ఫ్రాన్సు, న్యూజిలాండు దేశములు 2016 మొదలు 2022 వఱకు వరుసగా నిషేధ శాసనములు చేసికొనినవి. వారు పాఱవేసిన సరకును మన పట్టణములలో 'కౌన్సెలింగు' అను క్రొత్త మూటలో కట్టి అమ్ముచున్నారు. మాంచెస్టరు గుడ్డను తగులబెట్టిన తాతల మనుమలము, ఈ గుడ్డను మాత్రము ధర బేరమాడి కొనుచున్నాము!

చట్టమును వైద్యమును ఒకదానికొకటి యెట్లు తోడ్పడెనో తెలుపు సంగతి యొకటి చెప్పవలెను. 2001లో ఢిల్లీలోని ఒక పెద్ద ప్రభుత్వ వైద్యశాలలో తనకు ఇట్టి చికిత్స యేండ్ల తరబడి జరిగినదని యొక వ్యక్తి పక్షమున జాతీయ మానవహక్కుల సంఘమునకు ఫిర్యాదు వెళ్లినది. సంఘము దానిని స్వీకరింపలేదు. 377వ సెక్షను అప్పటికి పుస్తకములో నుండుటయే దానికి అడ్డుపడినది. నేరమని చట్టము చెప్పునంతకాలము హింసకును మందను పేరు చెల్లినది. ఆ సెక్షను పోయినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో దానికి బదులే లేదు. మందు మాత్రము పోలేదు.

మన నేలపై సంప్రదాయ మెట్లుండెనని యడుగువారికి ఒక్క మాట. ఆదోని ప్రాంతమున సంతెకుడ్లూరు గ్రామమున హోళీనాడు మగవారు చీరెలు కట్టి, పూలు ముడిచి, రతీమన్మథులను పూజింతురు. కన్నడ సరిహద్దున ఎల్లమ్మ కొలువులో జోగప్పలు నేటికిని గలరు. ఇది ఆ విషయమే యని మేము చెప్పబోము. మ్రొక్కుబడి వేఱు, లింగభావన వేఱు, అనురాగము వేఱు. తమకు భిన్నముగా నున్నదానిని చూచిన తక్షణమే డాక్టరు నొద్దకు ఈడ్చుకొనిపోవు అలవాటు మన పల్లెలది కాదని మాత్రము చెప్పుదుము.

ఈ విషయమున మార్గము చూపినది మద్రాసు హైకోర్టు. మధురనుండి చెన్నపట్టణమునకు వచ్చిన యిద్దఱు యువతులు పోలీసుల బాధనుండి రక్షణ కోరగా, జస్టిస్ ఎన్. ఆనంద వెంకటేశ్ 2021 జూన్ 7న ఉత్తరువు లిచ్చిరి. తనకు ఈ విషయము తెలియదని న్యాయాధిపతియే గ్రహించి, తాను మనస్తత్త్వ నిపుణు రాలియొద్ద కూర్చుండి నేర్చికొని, ఆ సంగతిని ఉత్తరువులోనే వ్రాసికొనెను. మా వృత్తి జీవితమున బల్లపై నట్టి వినయమును తఱచుగా చూడలేదు. అనురాగమును వైద్యముతో మార్చు ప్రయత్నమును ఆ యుత్తరువు నిషేధించినది. వైద్య కమిషను లేఖకు మూలమదియే. అయితే 1954లోనే మనము మద్రాసు హైకోర్టు ఏలుబడినుండి వెలువడితిమి. ఆ తీర్పు మన న్యాయస్థానములకు మంచి ప్రమాణమే గాని శాసనము కాదు.

ఇక 'స్వచ్ఛందముగా వచ్చిన వయోజనుని కాదనుట యెట్లు' అను ఆక్షేపణ. ఇది పసలేనిది కాదు. దీనికి సమాధానము చెప్పక తప్పదు. సమ్మతి యననేమో 1872 నాటి కంట్రాక్టు చట్టము మాకు నేర్పినది. ఒకరి మనస్సును మఱియొకరు ఏలగల స్థితిలో నుండి, ఆ యాధిక్యముతో పొందిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదని 16వ సెక్షను. ఎకరము మెట్టనేల అమ్మకమునకు మనము పాటించు జాగ్రత్త ఇదియైనప్పుడు, కన్నబిడ్డ మనస్సు విషయమున దానిని పాటింపవలదా? బయట తండ్రి కాచుకొని యుండగా, 'నీవు మారనిచో మీ యమ్మ బ్రతుకదు' అని యింట విని వచ్చిన యిరువదియేండ్ల వాడు పెట్టు సంతకమునకు విలువ యెంత? పైగా సమ్మతి యున్నను, ఫలితము లేని మందును ఫలితము గలదని అమ్ముట ఏ వృత్తిలోను ధర్మము కాదు.

నిషేధము వచ్చినచో నిజమైన సలహాయు నిలిచిపోవునేమో యని శంకించు డాక్టరులు గలరు. అయోమయములోనున్న పిల్లవాని మాట వినుట, భయమును తగ్గించుట, తలిదండ్రులకు నచ్చజెప్పుట ఎవరును వలదనలేదు. మన జిల్లాలలో నట్టివా రెందఱున్నను చాలరు. తీర్పు ముందుగా వ్రాసికొని సాక్ష్యము విను న్యాయాధిపతి యెట్టివాడో, గమ్యము ముందుగా నిర్ణయించి సలహా చెప్పు కౌన్సెలరు నట్టివాడు. శాసనమున ఈ భేదమును వ్రాయుట కష్టము కాదు.

ఇప్పుడున్న చట్టములలో చిల్లులు పెక్కు. కమిషను లేఖ రిజిస్టరైన డాక్టరునే తాకును. బోర్డు కట్టుకొని కూర్చున్న కౌన్సెలరును, హాస్టలు వార్డెనును, అంత్రము కట్టువానిని తాకదు. 1954 నాటి మంత్రౌషధ ప్రకటనల చట్టము తాయెత్తును, మంత్రమును, కవచమును పేరుపెట్టి చెప్పినది గాని, అది ప్రకటనలకు మాత్రమే; చెవిలో చెప్పు మాటను అది పట్టజాలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టపు 3వ సెక్షను, సమాజపు నీతులకు సరిపడలేదని యెవరిని మనోరోగిగా నిర్ణయింపరాదన్నది. మంచి మాట. దానిని ఉల్లంఘించి యింటి గదిలో జరుగునదానికి ఆసుపత్రి రిజిస్టరే యుండదు.

నిర్బంధములో నున్నవారికి దారి యేది? 2024 మార్చిలో సుప్రీముకోర్టు, ఇట్టి కేసులలో కౌన్సెలింగు పేరున వ్యక్తి అనురాగమును మార్ప యత్నింపరాదని హైకోర్టులకు నియమములు చేసినది. ఆ కేసున యువతి తలిదండ్రులయొద్దనే యుందునని చెప్పగా దానిని మన్నించియే ఈ నియమముల నిచ్చుట గమనింపదగినది. అదే యేటి డిసెంబరున మన రాష్ట్ర హైకోర్టు, తండ్రి యింట నిర్బంధింపబడిన ఒక యువతి యిష్టమును విని, ఆమె తన స్నేహితురాలితో నుండవచ్చునని చెప్పినది. అయితే హైకోర్టు అమరావతిలో నున్నది. కర్నూలునుండి మూడువందల కిలోమీటర్లకు పైమాట. 1937 శ్రీబాగ్ ఒడంబడికను తలచుకొని మనము వేడి నిట్టూర్పు విడుచునది కోట్ల ఆస్తి దావాలకొఱకే కాదు. గదిలో మూయబడిన పిల్లకు ఆ దూర మెట్టిదో యోచింపుడు.

అందాక స్థానికముగా నొక సాధనము గలదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 100వ సెక్షను క్రింద, అక్రమ నిర్బంధమున నున్న వ్యక్తిని వెదకి తెచ్చుటకు మొదటి తరగతి మేజిస్ట్రేటే వారంటు ఇయ్యవచ్చును. ఆదోనిలోను, ప్రొద్దుటూరులోను, జమ్మలమడుగులోను ఆ దరఖాస్తు వేయవచ్చును. ఈ కేసులను ఫీజు లేక చేపట్టు వకీళ్ల పట్టిక యొకటి రెండు జిల్లాల న్యాయసేవా సంస్థల వాకిట వ్రేలాడదీయవలెను. వైద్య కమిషను లేఖను తెలుగున అచ్చువేయించి, ప్రతి సర్కారు ఆసుపత్రి మనోవైద్య విభాగపు తలుపునకు అంటింపవలెనని రాష్ట్ర వైద్య మండలిని కోరుచున్నాము. కాగితమునకును జిగురునకును అయ్యెడు ఖర్చు స్వల్పము.