పైపు కడగడానికి ఏ స్పిరిట్?



మన యానాంలో ఫ్రెంచివారి పాలన 1954తో పోయింది. ఆ కాలం నాటి పొగపైపు ఎవరింట్లోనైనా ఉంటే, శుభ్రం చేసేముందు ఈ నాలుగు మాటలు చదవండి.

పైపు లోపల పట్టిన నల్లటి జిగురు ఉత్తి నీళ్ళకి సరిగా వదలదు, ఆల్కహాల్‌కి కరుగుతుంది. అందుకే పైపు తాగేవాళ్ళు బ్రాందీ, రమ్ము, వోడ్కాలతో కడుగుతారు. చిక్కల్లా మనం వాడే ‘స్పిరిట్’ అనే మాటతోనే. పెయింటు షాపులో పాలిష్‌కి అమ్మేదీ స్పిరిట్టే, మందుల షాపులో గాయాలకి అమ్మేదీ స్పిరిట్టే. రెండూ తాగేవి కావు. పాలిష్ స్పిరిట్‌లో మిథనాల్ ఉండొచ్చు, అది కళ్ళు పోగొడుతుంది, ప్రాణం తీస్తుంది. ఆరాక కూడా అందులో కలిపిన చేదు, కంపు చెక్కలో ఉండిపోవచ్చు.

నేను తమిళ మీడియంలో చదివాను. తమిళంలో స్పిరిట్‌ని ‘ఎరిసారాయం’ అంటారు, అంటే మండే సారాయి. పేరులోనే హెచ్చరిక ఉంది. అయినా 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. పైపు కడగడం, సారా తాగడం ఒకటి కాదు, నిజమే. కానీ ఇంట్లో పేరులేని సీసా ఉంటే దాన్ని ఎవరు దేనికి వాడతారో చెప్పలేం. రైల్వేలో గుమాస్తాగా నేను నేర్చుకున్నది ఒకటే: లేబుల్ లేని సరుకుని నమ్మకూడదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నోట్లో పెట్టుకునేదాన్ని నోట్లో పోసుకోదగ్గదానితోనే కడగాలి. రెండు మూతల వోడ్కా చాలు. రమ్ములో తీపి ఉంటే జిగురుగా మిగులుతుంది. పైపు చల్లగా ఉన్నప్పుడే కాడ ఊడదీసి, దూది చుట్టిన సన్నతీగని వోడ్కాలో ముంచి, తెల్లగా వచ్చేదాకా లోపల తిప్పండి. గిన్నెలో దూది పెట్టి కొన్ని చుక్కలు వేసి రాత్రంతా ఉంచితే మరక, వాసన లాగుతుంది. తర్వాత కొన్ని రోజులు ఆరనివ్వండి. పైన పాలిష్‌కి వోడ్కా తగిలితే మెరుపు పోతుంది. దీపం, పొయ్యి దగ్గర ఈ పని వద్దు.

మందు ఇంట్లోకి తేనివాళ్ళు పొడిగుడ్డతో తుడిచి అద్దాల బీరువాలో పెట్టుకోండి, అదీ గౌరవమే. ఒక్క మాట మాత్రం మరవద్దు. కడిగితే వాసన పోతుంది గానీ పొగాకు హాని పోదు. తాతగారి పైపు మనవలకి చూపించడానికే, అలవాటు చేయడానికి కాదు.

మీ ఇళ్ళల్లో లేబుల్ లేని స్పిరిట్ సీసాలుంటే ఈరోజే పేరు రాసి, పిల్లలకి అందనిచోట పెట్టండి.